త్యాగయ్యగారి ఇంటి పూజ

ఉగాదినాడు మన యిండ్లలో పంచాంగ శ్రవణము జరుగును. అరువది సంవత్సరముల పేర్లలో ఆ యేటి పేరు వినుదుము. ఆదాయ వ్యయములు తెలిసికొందుము. ఆ అరువదిలో ఇరువదియొకటవది సర్వజిత్తు, నలువదియవది పరాభవ. క్రీ.శ. 1767లో వచ్చిన సర్వజిత్తు నామ సంవత్సరమున, ఉగాది గడచిన నెల పైబడి కొలది దినములకు, మే 4వ తేదీ సోమవారమునాడు కావేరీ మండలములో ఒక తెలుగు బిడ్డ పుట్టెను. 1847 జనవరి 6వ తేదీన, పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమినాడు, ఆ కావేరి గట్టుననే ఆయన దేహము చాలించెను. నడుమ గడచిన డెబ్బదితొమ్మిది యేండ్లలో ఆయన తెలుగుదేశమున ఏనాడును కాపురముండలేదు. అయినను తెలుగు పాట అన్నంతనే లోకమునకు మొదట తోచు పేరు ఆయనదే. వారే శ్రీ త్యాగరాజస్వామి.

స్వామివారిని గూర్చి పండితులును, సంగీత విద్వాంసులును ఎన్నియో గ్రంథములు వ్రాసిరి. మేము మెట్రిక్యులేషను వరకు చదివి, రైల్వేలో గుమాస్తాపని చేయుచు, బదిలీ యుత్తరువు వచ్చినపుడెల్ల సామాను కట్టుకొని పోవువారము. రాగ లక్షణములు విచారించుటకు మాకు అధికారము లేదు. ఊరు విడిచి పొరుగునాట బ్రతుకుచున్న మనవంటి కుటుంబములకు ఆ మహనీయుని జీవితములో ఏమి గలదని మాత్రమే ఇచట చూడదలచితిమి. మాకు తోచినది ఒక్కటే. ఆయన యింట మంత్రములు సంస్కృతమున నున్నను, దేవునితో మాటలాడుట మాత్రము తెలుగులో జరిగెను. నిద్ర లేపుట మొదలు పవ్వళింపు వరకు అన్నియు ఇంటి మాటతోనే. రాజుల కొలువులు పోయినను ఆ యింటి తెలుగు పోకుండుటకు కారణము అదియే యని మా నమ్మకము.

తెలుగువారు కావేరి తీరమునకు వచ్చుట నేటి మాట కాదు. విజయనగర ప్రభువుల యేలుబడిలో దండనాయకులు, రైతులు, పురోహితులు, గాయకులు దక్షిణమునకు తరలిరి. 1532 మొదలు 1673 వరకు తంజావూరును నాయకరాజులు ఏలిరి. పిమ్మట 1676లో అధికారమునకు వచ్చిన భోసల ప్రభువుల మాతృభాష మరాఠీయైనను వారి కొలువులో తెలుగునకు గౌరవము తగ్గలేదు. తంజావూరునకు దాపుననున్న మెరట్టూరు గ్రామమున నరసింహ జయంతికి స్వామి యెదుట తెలుగు నాటకములాడు ఆచారము నేటికిని గలదు. చూడవచ్చువారిలో అధికులు తమిళులే. త్యాగయ్యగారి పూర్వులును ఇట్లు దక్షిణమునకు వచ్చిన మురికినాటి బ్రాహ్మణులు. వారి యింటిపేరు కాకర్ల. కంభము ప్రాంతమున ఆ పేరుగల గ్రామము ఇప్పటికిని ఉన్నది. వారి వంశమునకు చెందిన గిరిరాజకవి తంజావూరు ఆస్థానమున తెలుగు యక్షగానములు రచించెను. అనగా త్యాగయ్యగారు పుట్టునాటికే ఆ కుటుంబము ఊరు విడిచి తరములు గడచినవి. ఊరు పోయినది, ఇంటిపేరు మిగిలినది, దానితో మాటయు మిగిలినది.

తండ్రి రామబ్రహ్మముగారు, తల్లి సీతమ్మగారు. జన్మస్థలము తిరువారూరు. తిరుచిరాపల్లినుండి నాగపట్టణమునకు పోవు రైలులో తంజావూరు దాటిన పిమ్మట ఈ ఊరు వచ్చును. ఇచటి కోవెలలో వెలసిన స్వామి పేరే త్యాగరాజు. కమలాలయమను గొప్ప పుష్కరిణి, పర్వతమువంటి రథము ఈ క్షేత్రమునకు ప్రసిద్ధి తెచ్చినవి. ఇచటి ఉత్సవమూర్తి పాదములు భక్తులకు కనబడునది ఏటిలో కొన్ని ప్రత్యేక దినములందే. తక్కిన దినములందు ముఖము మాత్రము చూచి తృప్తిపడవలెను. ఆ స్వామి పేరే బిడ్డకు పెట్టిరి. సంగీత త్రిమూర్తులలో తక్కిన యిరువురగు శ్యామశాస్త్రిగారును, ముత్తుస్వామి దీక్షితులవారును ఈ ఊరనే జన్మించుట విశేషము.

బిడ్డ పసితనముననే కుటుంబము తిరువయ్యారు చేరెను. ఇది తంజావూరునకు ఉత్తరమున సుమారు 13 కిలోమీటర్ల దూరమున నున్నది. తంజావూరు స్టేషనులో దిగి బస్సెక్కినచో వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి దాటి కావేరిని చేరుదుము. అయిదు ఏరులు గల చోటు కావున ఆ పేరు, స్వామియు పంచనదీశ్వరుడే. రామబ్రహ్మముగారు రామాయణ ప్రవచనమున దిట్ట యనియు, తులజాజీ మహారాజు వారికి తిరుమంజన వీథిలో ఇల్లు ఇప్పించెననియు చెప్పుదురు. ఆ యింటిలోనే త్యాగయ్యగారు తుదివరకు నివసించిరి.

ఆ కాలము శాంతముగా గడచిన కాలమని తలపరాదు. 1781లో హైదరాలీ సేనలు తంజావూరు సీమపై బడి పల్లెలను, పంటలను నాశనము చేసెను. అప్పటికి త్యాగయ్యగారికి పదునాలుగేండ్లు. తరువాత రాజ్యమునకు వచ్చిన శరభోజి మహారాజు 1799లో పాలనాధికారమును ఆంగ్లేయుల కంపెనీకి ఒప్పగించెను. స్వామివారి జీవితకాలములో తులజాజీ, అమరసింహుడు, శరభోజి, శివాజీ అను నలుగురు ప్రభువులు సింహాసనమెక్కి కూర్చుండిరి. కొలువును నమ్ముకొన్న విద్వాంసులకు రేపటి అన్నము ఏ ప్రభువు చేతిలో నున్నదో తెలియని దినములవి.

తల్లి సీతమ్మగారు బిడ్డకు పురందరదాసు పాటలను, భద్రాచల రామదాసు కీర్తనలను నేర్పెనని శిష్యపరంపర చెప్పును. తండ్రివలన రామాయణము, సంస్కృతము అబ్బినవి. శొంఠి వేంకటరమణయ్యగారివద్ద సంగీతము అభ్యసించిరి. మొదట పాట వచ్చినది గురువునొద్ద గాదు, అమ్మ వంటయింటిలో. మన యిండ్లలో అమ్మలు ఈ మాట గుర్తుంచుకొనదగినది.

యౌవనమున రామకృష్ణానందులను మహాత్ముని ఉపదేశముపై స్వామివారు తొంబదియారు కోట్ల రామనామము జపించిరని ప్రసిద్ధి. లెక్క సరిచూచుట మా వృత్తిలోని అలవాటు. దినమునకు 1,25,000 చొప్పున సంవత్సరమునకు 4,56,25,000. ఇరువదియొక్క సంవత్సరములకు 95,81,25,000. అనగా తొంబదియారు కోట్లకు రమారమి సరిపోవుచున్నది. అయితే దినమునకు గల సెకనులు 86,400 మాత్రమే. సెకనునకు ఒకటి కంటె ఎక్కువగా, నిద్రాహారముల విరామము లేక జపించినగాని ఆ సంఖ్య తీరదు. ఇందువలన మాకు తెలిసినది ఏమనగా, నామజపమునకు వేరుగా ఒక వేళ పెట్టుకొనక, నడచుచున్నను, భుజించుచున్నను శ్వాసవలె లోన సాగుచుండవలెనని పెద్దల భావము. పూజ గదిలో అరగంట కూర్చుండి లేచిన పిమ్మట దేవుని అచటనే విడిచి వచ్చుట వారి పద్ధతి కాదు.

తండ్రి పోయిన పిమ్మట అన్నదమ్ములు వేరైరి. అన్న జపేశుడు. ఇంత విద్య గలిగియు తమ్ముడు రాజాశ్రయమునకు పోక దారిద్ర్యమున నుండుట ఆయనకు గిట్టలేదు. లోకములో ఎందరో అన్నలకు గిట్టని సంగతియే అది. ఆయనను మిక్కిలి దూషింప నక్కరలేదు. శరభోజి మహారాజు కొలువునకు పిలిపించి ధనకనకము లిచ్చెదమనగా స్వామివారు నిరాకరించిరనియు, ధనముకంటె రాముని సన్నిధియే సుఖమని కల్యాణి రాగమున పాడుకొనిరనియు పెద్దలు చెప్పుచు వచ్చిరి. కోపించిన జపేశుడు ఒకనాటి రాత్రి పూజలోని విగ్రహములను కావేరిలో పడవైచెనట. స్వామివారు విలపించుచు వెదకిరి. నీరు తగ్గిన పిమ్మట ఇసుకలో విగ్రహములు దొరికినవి. వానిని ఎత్తుకొని పాడుచు ఇంటికి తెచ్చుకొనిరి. ఈ కథను విన్నపుడెల్ల మాకు విగ్రహము లోహమా, శిలయా యను తలపు రాదు. తప్పిపోయిన బిడ్డ దొరికిన ఇల్లు కన్నులకు కట్టును.

మరి ఆ యింటికి అన్నము ఎచటినుండి వచ్చెను? ఉంఛవృత్తినుండి. ఇది యాచన కాదు. ఆచారముతో కూడిన ఒక వ్రతము. ఉదయమున స్నానపూజలైన పిమ్మట, తులసిమాల ధరించి, తంబుర మీటుచు, చేత చిడతలు పలుకగా, శిష్యులు వెంట రాగా, స్వామివారు వీథివెంట నామము పాడుచు నడచెడివారు. ఏ గడప యెదుటను నిలిచి అడుగుట లేదు. ఇల్లాండ్రు గుప్పెడు బియ్యము తెచ్చి పాత్రలో వేసెడివారు. ఆ దినమునకు చాలినంత చేరగానే ఇంటికి మరలుట. ఆ బియ్యముతో వంట, ఆ వంట రామునకు నైవేద్యము, ఆ ప్రసాదము ఇంటివారికిని, శిష్యులకును. రేపటికి నిలువ లేదు.

ఇందులో మూడు సంగతులు గలవు. పాడువానికి అహంకారము తగ్గును. ఇచ్చిన ప్రతి ఇల్లును ఆనాటి పూజలో భాగస్థురాలగును. గుడికి పోలేని ముసలివారికి, రోగులకు, చంటిబిడ్డ తల్లులకు గడప యొద్దకే దేవుని పేరు వచ్చును. ఆ గడపలలో తమిళము మాటలాడువారే పెక్కుమంది. వారికి అర్థము కొంత తెలిసియు, కొంత తెలియకయు నుండవచ్చును. అయినను ఆ తెలుగు పాట వీథికి పరాయిదిగా తోచలేదు.

ఇక ఇంటి పూజ. దేవాలయములలో ఆగమ విధిని అనుసరించి సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వరకు ఉపచారములు జరుగును. గృహస్థు ఇంట షోడశోపచారములని పదునారు గలవు: ఆవాహనము, ఆసనము, పాద్యము, అర్ఘ్యము, స్నానము, వస్త్రము, గంధము, పుష్పము, ధూపము, దీపము, నైవేద్యము, తాంబూలము, నీరాజనము మొదలగునవి. ఇవి యేమి? ఇంటికి పెద్ద అతిథి వచ్చినచో మనము చేయు మర్యాదలే. రండని పిలుతుము, పీట వేయుదుము, కాళ్లకు నీళ్లిత్తుము, స్నానమునకు తోడి, భోజనము పెట్టి, తాంబూలమిచ్చి, నిద్రించుటకు పాన్పు పరచుదుము. పూజ యనగా దేవుడు మన యింటికి వచ్చియున్నాడని నమ్మి నడచుకొనుట. వచ్చినవాడు పలుకడు గనుక మనము ఊరకుండరాదు; వానితో మాటలాడవలెను. ఏ భాషలో? ఇంటికి వచ్చిన చుట్టముతో మనము ఏ భాషలో మాటలాడుదుము?

త్యాగయ్యగారు రచించిన ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఈ ప్రశ్నకు సమాధానము. ఇవి కచేరీకై కట్టిన పెద్ద కృతులవంటివి కావు. సంగీత శిక్షణ లేని ఇల్లాలును, బడిపిల్లలును పాడదగిన సులభమైన పాటలు. బౌళి రాగమున మేలుకొలుపు; యదుకుల కాంభోజిలో మెల్లగా నడచి రమ్మను హెచ్చరిక; తోడిలో పాల ఆరగింపు; ఖరహరప్రియలో తాంబూల సమర్పణము; నీలాంబరిలో ఊయల; ఆహిరిలో పూలపాన్పు; సౌరాష్ట్రమున మంగళము. సీతాకల్యాణమునకు వేరుగా ఒక పాట. గుడిలో అర్చకస్వామి చేయు సేవలన్నియు ఇంటిలో ఎవరైనను చేయుటకు వీలుగా తెలుగు మాటలలోనికి వచ్చినవి. అందులో శాస్త్రచర్చ లేదు. బిడ్డకు పాలు త్రాగుమని, అలసినవానికి విశ్రమింపుమని చెప్పు తల్లిమాటలు గలవు. రాముడు ఆ పాటలలో ఒకప్పుడు రాజు, ఒకప్పుడు చంటిబిడ్డ, ఒకప్పుడు అల్లుడు.

ఇవియే గాక భజనగోష్ఠులందు దీపము చుట్టు తిరుగుచు పాడుటకు దివ్యనామ కీర్తనలు, ప్రహ్లాద భక్తి విజయము, నౌకా చరిత్రము అను గేయనాటకములు, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలో ఘనరాగ పంచరత్నములు రచించిరి. కచేరీలలో వినబడు కృతులతో కలిపి నేడు దొరకునవి సుమారు ఏడువందలు. వీనిలో కొలదిగా సంస్కృతముననున్నవి తప్ప తక్కినవన్నియు తెలుగే.

జీవితములో చాల భాగము తిరువయ్యారు విడువని స్వామివారు వృద్ధాప్యమున యాత్రకు బయలుదేరిరి. కాంచీపురమునందలి ఉపనిషద్బ్రహ్మేంద్రులవారి ఆహ్వానమును మన్నించి అచటికి పోయి, తిరుపతి, కోవూరు, తిరువొత్తియూరు క్షేత్రములను సేవించిరి. తిరుమలలో వారు చేరువేళకు స్వామి యెదుట తెర వేసియుండెననియు, వారు గౌళిపంతు రాగమున పాడగా ఆ తెర తొలగెననియు ప్రతీతి. ఆ పాటలో వారు తొలగింపుమని వేడినది గుడిలోని గుడ్డతెరను గాదు. తమ మనస్సులోని మదమత్సరముల తెరను. కోవెలలో తెర వేయుటకును, తీయుటకును గల అర్థము ఇంతకంటె చక్కగా చెప్పుట కష్టము. తెర ఎప్పుడును మన వైపుననే యుండును.

మన తిరుచిరాపల్లివారికి ఇంకొక భాగ్యము గలదు. స్వామివారు శ్రీరంగమునకును, లాల్గుడికిని వచ్చి ఒక్కొక్క క్షేత్రముపై అయిదేసి కృతులు పాడిరి. శ్రీరంగమున చైత్రోత్సవ సమయమున జనసమ్మర్దమువలన స్వామివారికి దర్శనము కాకపోగా, ఊరేగుచున్న వాహనము ఎంత యత్నించినను ముందునకు సాగలేదట. వారిని తోడ్కొనివచ్చి దర్శనము చేయించిన పిమ్మటనే కదలెనట. లాల్గుడి స్టేషను మీదుగా మన రైళ్లు దినమును పోవుచునే యున్నవి. అచట దిగి సప్తర్షీశ్వరుని కోవెలలో ఒక్క నమస్కారమైనను చేసి వచ్చినవారు మనలో ఎందరో లెక్కించుకొనవచ్చును.

ఇక స్వామివారి సంసారము. మొదటి భార్య పార్వతి గతించిన పిమ్మట కమలాంబను వివాహమాడిరి. వారికి ఒక్కతే కుమార్తె, సీతాలక్ష్మి. ఆమె వివాహమునకు శిష్యుడగు వాలాజాపేట వేంకటరమణ భాగవతులు శ్రీరాముని చిత్రపటమును మోసి తెచ్చి కానుకగా నిచ్చెను. అది చూచిన స్వామివారు రాముడే నడచి వచ్చెనని పొంగి మోహన రాగమున పాడిరట. సీతాలక్ష్మికి ఒక్కడే కుమారుడు. ఆ మనుమడును సంతానము లేక గతించెను. స్వామివారి వంశము అంతటితో ఆగిపోయినది. దేహయాత్ర ముగియుటకు ముందు సన్న్యాసము స్వీకరించిన స్వామివారికి కావేరి ఒడ్డుననే సమాధి ఏర్పడెను.

చదువరులు ఇచట ఒక్క క్షణము ఆగవలెను. ఊరు లేదు, పొలము లేదు, కొలువు లేదు, వంశము లేదు. 1855లో తంజావూరు సంస్థానమును ఆంగ్లేయులు కలుపుకొనుటతో తెలుగును ఆదరించిన ఆస్థానమును లేకపోయినది. భాష నిలుచుటకు మనము సాధారణముగా చెప్పుకొను ఆధారములలో ఒక్కటియు మిగులలేదు. అయినను ఆ పాట ఎట్లు నిలిచినది?

శిష్యులవలన నిలిచినది. వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్ర కుటుంబమునకు చెందినవారు. గురువుగారి కీర్తనలను వ్రాసి యుంచి, చరిత్రమును వ్రాసి కాపాడిన కీర్తి ఆయనకును, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులకును చెందును. తిల్లస్థానము, ఉమయాళపురము మున్నగు ఊళ్ల శిష్యపరంపరలు తమిళనాటివి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున శిథిలమగుచున్న సమాధిని వెదకి బాగుచేయించినవారు ఉమయాళపురము భాగవతులు. ఆ సమాధిపై గుడి కట్టించినది మైసూరు సీమలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మగారు. తాను గడించిన ధనమంతయు వెచ్చించి 1921లో పునాది వేయించి, 1925లో ప్రతిష్ఠ చేయించిరి. ఆరాధనలో స్త్రీలు పాడరాదన్న కట్టుబాటును ఎదిరించి స్త్రీలచేత పాడించిరి. వేరువేరుగా ఆరాధన జరుపుచున్న పక్షములు 1940 ప్రాంతమున ఏకమైనవి. 1952లో నాగరత్నమ్మగారు తిరువయ్యారునందే పరమపదించిరి; ఆమె సమాధియు స్వామివారి సన్నిధికి దగ్గరనే యున్నది. ఇట్లు ఒక తెలుగువాని పాటను కాపాడినవారిలో సౌరాష్ట్రులు, తమిళులు, కన్నడసీమవారు గలరు. ఎవరు నిత్యము పాడుకొనిరో వారిదే ఆ పాట అయినది.

పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారునకు పోయి చూడుడు. ఉదయము కావేరి గట్టున పందిట్లో వందలకొలది గాయకులు నేలపై బాసింపట్టు వేసికొని కూర్చుండి పంచరత్నములను ఏకకంఠమున పాడుదురు. మేము ఒకమారు పోయినపుడు మా ప్రక్కనున్న తమిళ బాలుని పుస్తకము తొంగిచూచితిమి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికి ఒక్కటే అక్షరము. కావున అక్షరము ప్రక్కన 2, 3, 4 అని అంకెలు వేసియున్నవి. గకారము వచ్చుచోట మూడు, ఘకారము వచ్చుచోట నాలుగు. ఆ బాలుడు వ్రేలితో అంకెలను తడవుచు, ఒక్క ఒత్తును తప్పిపోనీయక పాడుచుండెను. తనది కాని భాషయం దొక అక్షరమునకు అపచారము జరుగరాదని ఆ పిల్లవాడు పడు శ్రమను చూచి మేము చేతులు జోడించితిమి.

మరి మన పిల్లలు? తమిళనాటనున్నవారు తమిళము, కర్ణాటకమున కన్నడము, మహారాష్ట్రమున మరాఠీ, ఒడిశాలో ఒడియా చదువుకొనుట అవసరము, ధర్మమును. ఉన్న ఊరి భాషను గౌరవింపనివానికి తన భాషయు దక్కదు. త్యాగయ్యగారు తిరువయ్యారు ధర్మసంవర్ధని అమ్మవారిని, పంచనదీశ్వరుని కీర్తించి ఆ ఊరివారై బ్రతికిరి. దానితో మనకు తగవు లేదు. అయితే ఇంటిలో తెలుగు ఇప్పుడు కూర వడ్డించుటకును, కసరుటకును మాత్రమే మిగులుచున్నది. వ్రతము వచ్చిన ఫోనులో క్యాసెట్టువలె మంత్రము మ్రోగించి, మనము అక్షింతలు వేసి లేచుచున్నాము. దేవునితో మాటలాడుట మానిన యింట బిడ్డలు ఆ మాటను పెద్ద మాటగా ఎట్లు ఎంచుదురు? అంగడికి ఒక భాష, బడికి ఒక భాష ఉన్నవి. గుండె విప్పి చెప్పుకొనుటకు ఒక భాష ఉండవలెను గదా.

సంఘము తరఫున తెలుగు తరగతులు, నాటకములు, సభలు జరుగుట మంచిదే. వానికి తోడుగా మేము కోరునది మిక్కిలి చిన్న పని. ప్రతి ఇంట సాయంకాలము దీపము పెట్టు వేళ ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో ఒక్కదానిని పాడుట. దానిని తెలుగు అక్షరములలో పెద్దగా వ్రాసి పూజ గూటి ప్రక్కన అంటించుట. చదువుటను ఇంటిలోని చిన్నబిడ్డకు అప్పగించుట. శ్రుతి కలియకున్నను దోషము లేదు. ఏటికి నాలుగు పాటలు వచ్చినను, బిడ్డ పదవ తరగతి చేరునాటికి రాముని మేలుకొలిపి, పాలు త్రాగించి, ఊయల నూచి, నిద్రపుచ్చుటకు చాలినంత తెలుగు వానికి వచ్చియుండును. అంతకంటె కావలసిన తెలుగు ఏది?

ఈ ఉగాదినాడు వేపపూత, క్రొత్త బెల్లము, చింతపండు, మామిడి కలిపి పచ్చడి చేసి దేవుని ముందుంచుదుము. మంత్రము చెప్పి నీళ్లు తిప్పిన పిమ్మట, లేచిపోక ఒక్క నిమిషము నిలిచి, ఇంటికి వచ్చిన పెద్దను భోజనమునకు పిలిచినట్లు స్వామిని మన మాటలో ఆరగింపునకు పిలుతము. త్యాగయ్యగారి యింట ప్రతిదినమును జరిగినది ఇదియే. చదువరులకెల్లరకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.